నెలాఖరులోపు నాలుగున్నర లక్షలు కట్టాలా?

నల్గొండ జిల్లాలోని ఒక చిన్న పట్నం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమెకు 33 ఏళ్ళు, పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు ఎరువులు, పురుగుమందుల షాపుంది. పిల్లలు లేరు. పట్నంలోని ఒక నర్సింగ్ హోంలో మూడుసార్లు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స) చేయించుకున్నారు, ఒక్కసారీ నిలవలేదు. ట్యూబుల టెస్టు చేయించుకోమని అక్కడి డాక్టరమ్మ చెప్పినా ఏదో ఒక కారణంతో వాయిదా పడింది. భర్తకు రెండేళ్ళ కింద ఒకసారి వీర్యపరీక్ష చేస్తే 'కౌంటు కొంచెం తక్కువ' అన్నారట. ఆ తర్వాత ఆయన మళ్ళీ ల్యాబు గడప తొక్కలేదు.

ఈ మధ్య వాళ్ళ పెద్ద ఆడబిడ్డ, తనకు తెలిసిన ఆర్‌ఎంపీ చెప్పాడని, ఈమెను హైదరాబాద్‌లోని ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి తీసుకెళ్ళింది. సీజన్ అని భర్త రాలేదు. అక్కడ కోఆర్డినేటర్ అనే అమ్మాయి గంటసేపు మాట్లాడింది, డాక్టరు అయిదు నిమిషాలు. స్కాన్ చేశారు గానీ రిపోర్టు చేతికివ్వలేదు. ఐవీఎఫ్‌కు (ల్యాబులో పిండం చేసి గర్భంలో పెట్టే చికిత్సకు) నాలుగున్నర లక్షల ప్యాకేజీ, 'సక్సెస్ గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపస్', నెలాఖరులోపు కడితే యాభై వేలు తగ్గింపు. ఆడబిడ్డ అక్కడికక్కడే యాభై వేలు అడ్వాన్సు కట్టేసింది. నాలుగైదు కాగితాల మీద ఈమె సంతకాలు పెట్టింది. కొన్నిట్లో ఖాళీలు అలాగే ఉన్నాయి. కాపీ అడిగితే 'ఫైల్లో ఉంటుంది మేడం' అన్నారు.

బయటికొచ్చేముందు ఈమె 'ఒకవేళ ఫెయిలైతే?' అని అడిగింది. కోఆర్డినేటర్ గొంతు తగ్గించి, 'ఇంకో దారి కూడా ఉంది మేడం. మీరేం కష్టపడక్కర్లేదు. పద్దెనిమిది లక్షలు. తొమ్మిది నెలల తర్వాత వచ్చి బిడ్డను ఎత్తుకెళ్ళడమే' అన్నదట.

ఇప్పుడు మిగతా డబ్బు కోసం, పెళ్ళప్పుడు నాన్న పసుపుకుంకుమ కింద ఈమె పేరున రాసిచ్చిన ఇరవై గుంటలు అమ్ముదామంటున్నారు. అత్తమ్మ రోజూ అడుగుతోంది. భర్త ఏమీ మాట్లాడడు. 'నాకు భయంగా ఉంది, కానీ భయపడి వయసు దాటబెట్టుకుంటున్నానా అని కూడా భయంగా ఉంది. ఆ సెంటర్ మంచిదా కాదా ఎట్లా తెలుసుకోవాలి? మా వదినతో పడకుండా ఎట్లా చెప్పాలి? రాత్రుళ్ళు నిద్ర లేదు' అని ముగించారు.

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. నెలాఖరు అనేది ఆ సెంటర్ వాళ్ళ లెక్కల పుస్తకంలో ఉన్న తేదీ, మీ ఒంట్లో ఉన్నది కాదు. 33 ఏళ్ళకు ఒకటి రెండు నెలలు ఆలోచించుకోవడం వల్ల చేజారేదేమీ ఉండదు. రెండు మూడేళ్ళు ఊరుకుంటే తేడా వస్తుంది, అది నిజం. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత తగ్గే వేగం పెరుగుతుంది. అంటే మీకు ఆలోచించే టైముంది, ఊరుకునే టైము లేదు. ఈ రెంటినీ కలిపేసి టెన్షన్ పెట్టడమే ఆ తగ్గింపు ఆఫర్ చేసే పని.

ఆ సెంటర్ మంచిదా అని అడిగారు. పేరు కూడా మీరు రాయలేదు, రాసినా ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను. కానీ మీ ఉత్తరంలో ఉన్న వాటిలో రెండు నన్ను ఉలిక్కిపడేలా చేశాయి. అవి రెండూ చట్టానికి సంబంధించినవి కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను.

మొదటిది ఆ 'ఇంకో దారి'. వినడానికి అది సరోగసీ, అంటే మరో స్త్రీ చేత మీ బిడ్డను మోయించడం. మన దేశంలో సరోగసీ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. డబ్బులిచ్చి గర్భం అద్దెకు తీసుకోవడం నేరం. బిడ్డను మోసే స్త్రీకి వైద్యఖర్చులు, ఇన్సూరెన్సు వంటివి తప్ప ప్రతిఫలం ఇవ్వకూడదు. ఆమె వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి, పెళ్ళయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఈ పని చేయాలి. మీ పక్షాన చూస్తే, మీకు సరోగసీ వైద్యపరంగా అవసరమని జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులు మీరేనని మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావాలి. మోసే తల్లి పేర 36 నెలల ఇన్సూరెన్సు తీయాలి. ఇవేవీ లేకుండా 'తొమ్మిది నెలలకు వచ్చి ఎత్తుకెళ్ళండి' అని ఎవరన్నా అంటే, అది సరోగసీ కూడా కాకపోవచ్చు.

2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు మీరూ టీవీలో చూసే ఉంటారు. మీ బిడ్డే అని దంపతుల చేతికిచ్చిన పసికందు డీఎన్‌ఏ వాళ్ళతో కలవలేదు. సరోగసీ జరగనే లేదని, పేదింటి నుంచి డబ్బులకు తెచ్చిన బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఆ దంపతులు ముప్పై లక్షలకు పైగా కట్టారు. డబ్బు సంగతి అటుంచండి, రోజుల బిడ్డను ఎత్తుకుని ఇంటికొచ్చి, తర్వాత ఆ రిపోర్టు చదువుకున్న ఆ తల్లి స్థితి ఊహించండి. మీ సెంటర్ కూడా అదే పని చేస్తోందని నేననను. కానీ మీకు చెప్పిన మాట ఆ మాటలాగే ఉంది. పైగా మీ విషయంలో సరోగసీ అవసరమని చెప్పే పరీక్ష ఒక్కటీ ఇంతవరకు జరగలేదు. మీ గర్భసంచికి ఏ సమస్యా ఉన్నట్టు మీరు రాయలేదు కూడా.

రెండోది సంతకాలు. ఐవీఎఫ్‌కు సంబంధించిన చట్టం, అంటే సహాయక పునరుత్పత్తి చట్టం, అదీ 2021దే. దాని ప్రకారం చికిత్సకు సంబంధించిన అందరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏమీ మొదలుపెట్టకూడదు. మీ ఆయన ఆ గడప కూడా తొక్కలేదు కదా. ఆయన సంతకం లేని ఫైలు అసంపూర్ణం. ఇంకో ముఖ్యమైన సంగతి, పిండాన్ని గర్భంలో పెట్టే క్షణం దాకా దంపతుల్లో ఎవరైనా తమ అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి 'సంతకం పెట్టేశాను, ఇరుక్కుపోయాను' అనే ఆలోచన మానుకోండి. మీరు ఇరుక్కోలేదు. ఖాళీలున్న కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం తప్పే, ఇంకెప్పుడూ పెట్టకండి. ఆ ఖాళీల్లో 'దాత అండాలు వాడటానికి అంగీకారం' అని రాసుకుంటే మీకు తెలిసేదెట్లా?

అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద, మీ రికార్డులన్నీ, అంటే స్కాన్ రిపోర్టు, సంతకం చేసిన అంగీకార పత్రాలు, కట్టిన డబ్బుకు రసీదు కావాలని రాసి, ఇద్దరూ సంతకం చేసి ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళిలోనే ఉంది, అది 2002 నుంచి ఉన్న నియమం. ఇచ్చారంటే మంచిదే. ఇవ్వకుండా తిప్పుకున్నారంటే, నన్నడిగిన ప్రశ్నకు సగం జవాబు వాళ్ళే ఇచ్చినట్టు.

ఇక గ్యారంటీ మాటకొద్దాం. మీ వయసులో, సొంత అండాలతో, మంచి ల్యాబున్న చోట కూడా, ఒకసారి పిండం పెడితే బిడ్డ పుట్టే అవకాశం స్థూలంగా మూడో వంతు. దంపతుల సమస్యను బట్టి అటూ ఇటూ మారుతుంది. మరి నూటికి నూరు అనేవాళ్ళు ఎట్లా అనగలుగుతున్నారు? 'సక్సెస్' అనే మాటకు అర్థం మార్చుకుని. పిండం పెట్టిన రెండు వారాలకు రక్తపరీక్ష పాజిటివ్ వస్తే కొందరికి అది సక్సెసే. ఆ తర్వాత గర్భం నిలవకపోయినా వాళ్ళ లెక్క మారదు. మీక్కావలసింది బిడ్డ పుట్టిన లెక్క. కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'మీ సక్సెస్ రేటెంత' అని కాదు. 'నా వయసు వాళ్ళలో, సొంత అండాలతో చేసిన వందమందిలో ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్ళారు' అని అడగండి. ఈ ప్రశ్నకు తడబడకుండా సమాధానం చెప్పే డాక్టరు తక్కువ అంకె చెప్పినా నేను ఆ డాక్టర్నే నమ్ముతాను.

డబ్బు వాపస్ అనే మాటలోనూ మెలికలుంటాయి. మందులు, ఇంజెక్షన్లు, స్కాన్లు, మత్తు డాక్టరు ఫీజు అందులోకి రావని చిన్న అక్షరాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక ఐవీఎఫ్ సైకిల్‌కు మామూలుగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. నాలుగున్నర అంటే అది ఎన్ని సైకిళ్ళకో, దాత అండాలు కూడా అందులో కలిపారో మీ ఉత్తరంలో లేదు. మీకు చెప్పలేదనుకుంటాను. వాపస్ షరతు ఉన్నచోట ఇంకో ప్రమాదముంది. ఎట్లాగైనా పాజిటివ్ చూపించాలనే తొందరలో రెండు మూడు పిండాలు పెట్టేస్తారు. కవలలంటే మనకు ముద్దే, కానీ నెలలు నిండకుండా కాన్పవడం, తల్లికి బీపీ, పిల్లలను ఐసీయూలో ఉంచాల్సి రావడం కవలల్లో ఎక్కువ. ఆ బిల్లు ప్యాకేజీలో ఉండదు.

అయినా మనవాళ్ళ పద్ధతి నాకెప్పుడూ విచిత్రమే. పెళ్ళికి ఫంక్షన్ హాలు మాట్లాడటానికి వెళ్తే జనరేటర్ ఉందా, బోరులో నీళ్ళున్నాయా, కార్లు పెట్టడానికి స్థలముందా, అన్నీ అడుగుతాం. వంటగది తలుపు తీయించి మరీ చూస్తాం. ఆసుపత్రిలో మాత్రం ఏసీ హాలు, టైల్స్ చూసి చేతులు కట్టుకుని కూర్చుంటాం. ఐవీఎఫ్‌లో నిజానికి జనరేటర్ ప్రశ్నే అసలు ప్రశ్న. మీ పిండాలు ఇంక్యుబేటర్లో మూడు నుంచి అయిదు రోజులుంటాయి, కరెంటు పోతే ఏం చేస్తారు? ఫ్రీజ్ చేస్తే ద్రవ నైట్రోజన్ ట్యాంకుల్లో నెలల తరబడి ఉంటాయి, వాటిని రోజూ ఎవరు చూస్తారు? నిస్సంకోచంగా అడగండి.

పద్ధతిగా నడిచే చోటును పోల్చుకోవడం ఎట్లాగంటే, మొదట గోడ చూడండి. సహాయక పునరుత్పత్తి చట్టం కింద వచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపించేలా పెట్టాలి. అందులో మూడు సంగతులు చదవండి. పేరు, చిరునామా మీరు నిలబడ్డ చోటువేనా? ఒకే పేరుతో నాలుగు బ్రాంచీలుంటే ప్రతి బ్రాంచికీ విడిగా ఉండాలి. గడువు ఉందా? అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఇక మూడోది, చాలామందికి తెలియనిది, లెవెల్. లెవెల్ 1 క్లినిక్‌లు ఐయూఐ వరకే చేయాలి. అండాలు తీయడం, ల్యాబులో ఫలదీకరణ చేయడం, పిండం పెట్టడం లెవెల్ 2 వాళ్ళే చేయాలి. లెవెల్ 1 బోర్డు పెట్టుకుని ఐవీఎఫ్ ప్యాకేజీ అమ్ముతున్నారంటే మిమ్మల్ని ఇంకెక్కడికో పంపుతారు, లేదా చేయకూడనిది చేస్తారు. రిజిస్టరైన క్లినిక్‌ల జాబితా కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి), సరోగసీ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉంటుంది. స్కూల్లో కంప్యూటర్ సారుని అడిగితే పది నిమిషాల్లో తీసిస్తారు. 'అప్లై చేశాం, వస్తుంది' అనే దరఖాస్తు నంబరును రిజిస్ట్రేషన్ అనుకోవద్దు. అనుమానముంటే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకు వెళ్ళి అడగొచ్చు, అది మీ హక్కు. స్కాన్ గదికి వేరే చట్టం, వేరే రిజిస్ట్రేషన్ ఉంటాయి, 'లింగ నిర్ధారణ చేయబడదు' అనే బోర్డుతో పాటు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంటే సంతోషం. అది నాణ్యతకు గుర్తు మాత్రమే, లైసెన్సుకు బదులు కాదు.

గోడ తర్వాత మనుషులు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మందుచీటీ మీద ఉండాలి. జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి పేరు సరిపోతుందో చూసుకోవచ్చు. లెవెల్ 2 చోట గైనకాలజిస్టుతో పాటు ఆండ్రాలజిస్టు (మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే డాక్టరు), ఎంబ్రియాలజిస్టు (ల్యాబులో పిండాలను చూసుకునే నిపుణులు), మత్తు డాక్టరు, కౌన్సెలర్ ఉండాలని నిబంధనలున్నాయి. ఎంబ్రియాలజిస్టు ఎవరు, రోజూ ఇక్కడే ఉంటారా, అవసరమైనప్పుడు వచ్చిపోయే మనిషా అని అడగండి. మీ అండాలను, మీవారి వీర్యాన్ని వేరేవాళ్ళవాటితో తారుమారు కాకుండా ఎట్లా గుర్తిస్తారు, ప్రతి మెట్టు దగ్గర రెండో మనిషి సరిచూస్తారా అని కూడా. కౌన్సెలర్ అంటే ప్యాకేజీలు చెప్పే అమ్మాయి కాదు. పాపం ఆ కోఆర్డినేటర్ల మీద నాకు కోపం లేదు, వాళ్ళకూ నెలకిన్ని అడ్మిషన్లు అని టార్గెట్లుంటాయి. కానీ మీ శరీరం గురించి గంట మాట్లాడాల్సింది డాక్టరు, అయిదు నిమిషాలు మాట్లాడాల్సింది ఆ అమ్మాయి. మీకు ఇది తిరగబడింది.

ఇంకొక ప్రశ్న మీలాంటి దూరపు ఊళ్ళవాళ్ళు తప్పకుండా అడగాలి. అండాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్ల వల్ల కొద్దిమందికి పొట్ట ఉబ్బడం, వాంతులు, మూత్రం తగ్గడం, ఆయాసం రావచ్చు. అది ముదిరితే ఆసుపత్రిలో చేరాలి. రాత్రి పదకొండుకు ఆయాసం మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి? వాళ్ళకు ఐసీయూ ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రితో ఒప్పందముంది? మీ ఊరి నుంచి హైదరాబాద్ రెండు గంటల దారి. ఈ ప్రశ్నకు ఒక ఫోన్ నంబరు, ఒక ఆసుపత్రి పేరు సమాధానంగా రావాలి. 'అట్లాంటివేం కావు మేడం' అన్నారంటే లేచి వచ్చేయండి.

ఇవన్నీ ఒక ఎత్తు. మీ ఉత్తరంలో మీరు అర పేరాలో దాటేసిన విషయం ఇంకో ఎత్తు. అది మీ ఆయన.

ఎనిమిదేళ్ళలో మీ ఒంట్లోకి ఎన్ని సూదులు దిగాయో లెక్క రాశారు. ఆయనది ఒకే ఒక్క పరీక్ష, అదీ రెండేళ్ళనాటిది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాళ్ళ వైపు కూడా కారణముంటుంది, ఒంటరిగానో భార్య సమస్యతో కలిసో. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. అప్పట్లో జ్వరమొచ్చినా, నిద్ర లేకపోయినా, కౌంటు తగ్గి ఉండొచ్చు, ఇప్పుడు మారి ఉండొచ్చు, ఇంకా తగ్గి కూడా ఉండొచ్చు. అందుకే తక్కువ వస్తే మళ్ళీ చేయించమంటారు. దానికయ్యేది వందల్లో, మహా అయితే వెయ్యి దాటి కాస్త. ఆ పరీక్ష చేయించకుండా నాలుగున్నర లక్షలు కట్టడమంటే, పొలానికి నీళ్ళు రావడం లేదని మోటారు చూడకుండా కొత్త బోరు వేయించినట్టు. ఆయన రోజూ పురుగుమందుల మధ్య ఉంటారు. ఆ సంగతి, పొగాకు, గుట్కా అలవాట్లుంటే అవీ, డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వృషణాల దగ్గర నరాల వాపు లాంటిది ఏదైనా ఉంటే అది చూసేది యూరాలజిస్టో ఆండ్రాలజిస్టో, ఆర్‌ఎంపీ కాదు.

మీ వైపు కూడా ఒక ఖాళీ ఉంది. ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూడకుండా మూడు ఐయూఐలు చేశారు. ట్యూబులు మూసుకుని ఉంటే ఐయూఐ ముప్పైసార్లు చేసినా ఫలితం లేదు. హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రే పరీక్ష చేయించుకోండి. నెలసరి రక్తస్రావం ఆగాక కొద్ది రోజుల్లోపే చేస్తారు. కాసేపు నొప్పి ఉంటుంది, నొప్పిమాత్ర ముందే అడగండి. దాంతో పాటు థైరాయిడ్, అండాల నిల్వ చూసే ఏఎంహెచ్, లోపలి స్కాన్. ఏఎంహెచ్ తక్కువ వచ్చిందని చెప్పి వెంటనే దాత అండాల మాటెత్తితే కంగారు పడొద్దు. అది సంఖ్యకు గుర్తు, నాణ్యతకు కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఏది ఎంచుకోవాలో మీరిద్దరే తేల్చుకోవాలి.

ఒకటి, అడ్వాన్సు ఇచ్చిన చోటే కొనసాగడం. పైన చెప్పిన రిజిస్ట్రేషన్, లెవెల్, రికార్డులు అన్నీ సరిగ్గా తేలి, ఈసారి మీ ఆయనతో కలిసి వెళ్ళి డాక్టరుతోనే మాట్లాడితే ఇదీ ఒక దారే. యాభై వేలు నష్టపోరు, మీ వదిన చిన్నబుచ్చుకోదు. కానీ నేను మీ స్థానంలో ఉంటే ఆ 'పద్దెనిమిది లక్షల' మాట విన్న చెవులతో అక్కడ మత్తుసూది వేయించుకోలేను.

రెండు, అది వదిలేసి ముందు పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులతో వేరే ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళడం. రెండు మూడు నెలలు పడుతుంది. ఇంట్లో మాటలు పడాల్సి వస్తుంది. లాభమేంటంటే, కారణం తెలుస్తుంది. ట్యూబులు బాగుండి మీ ఆయనకు మందులతో మెరుగైతే ఐవీఎఫ్ దాకా వెళ్ళక్కర్లేకపోవచ్చు. లేదా ఐవీఎఫే దారి అని తేలితే ఎందుకు చేయించుకుంటున్నారో తెలిసి చేయించుకుంటారు. అడ్వాన్సు సంగతికొస్తే, చికిత్స మొదలుకాలేదు కాబట్టి వాపసు కోరుతూ రాయండి. కొంత కోసుకుని ఇస్తామంటే అదెందుకో రాతలో అడగండి. అసలివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయిదు లక్షల లోపు వాటికి అక్కడ కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయితే ఇది నెలలు పట్టే పని. ఆ యాభై వేల కోసం మిగతా నాలుగు లక్షలు పోగొట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

మూడు, ప్రభుత్వ ఆసుపత్రి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. ఎక్కువసార్లు తిరగాలి, క్యూలుంటాయి, స్కూలుకు సెలవులు పెట్టాలి. మందుల సరఫరా, ఏయే సేవలు ఇప్పుడు నడుస్తున్నాయి అనేది వెళ్ళి కనుక్కోవాలి. ఏదీ కాకపోయినా అక్కడి డాక్టర్ల చేత మీ రిపోర్టులు చూపించుకోవడం మంచి రెండో అభిప్రాయం అవుతుంది. వాళ్ళకు మీకు ప్యాకేజీ అమ్మే అవసరం లేదు.

నాలుగోది మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను, ఎందుకంటే ఆ కోఆర్డినేటర్ చూపించిన దొడ్డిదారికి ఎదురుగా ఒక రాజమార్గముంది. దత్తత. కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్లో నమోదు చేసుకుంటే, ఇంటికొచ్చి విచారణ చేసి, చట్టప్రకారం బిడ్డనిస్తారు. చిన్నపిల్లల కోసం ఎదురుచూపు ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే చికిత్స నడుస్తుండగానే పేరు రాయించుకునే వాళ్ళున్నారు. ఇప్పుడు మనసు ఒప్పకపోతే ఈ పేరా వదిలేయండి.

భూమి సంగతి. అది మీ పేరున మీ నాన్న రాసిచ్చింది. అమ్మాలా వద్దా అన్నది మీ సంతకం. పరీక్షలు కాకముందు, కారణం తెలియకముందు దానికి బేరం పెట్టొద్దు. ఐవీఎఫ్ అని తేలితే, మొదలుపెట్టకముందే ఇద్దరూ కూర్చుని ఎన్ని సైకిళ్ళ దాకా, ఎంత డబ్బు దాకా అని ఒక గీత గీసుకోండి. ఒకటి ఫెయిలైన బాధలో గీత గీసుకోవడం ఎవరివల్లా కాదు, అప్పుడు ఎదుటివాళ్ళు చెప్పిందల్లా కడతాం.

మీ వదినగారి గురించి. ఆమె చెడు చేయాలనుకుందని నాకనిపించలేదు, తన సొంత డబ్బు యాభై వేలు కట్టింది కదా. ఆర్‌ఎంపీ సంగతి వేరు. పేషెంటును పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం డాక్టర్ల నియమావళిలో నిషేధం. అయినా మన పట్నాల్లో అది ఎట్లా నడుస్తుందో మీకు నేను చెప్పాలా? వదినతో ఆర్‌ఎంపీ మాటెత్తొద్దు, ఆమెకు పౌరుషం వస్తుంది. సెంటర్ మంచిదా చెడ్డదా అనే వాదనలోకి కూడా దిగొద్దు. ఇట్లా అనండి: 'వదినా, నా కోసం ఇంత తిరిగినవు, ఆ డబ్బు నీకు నేనిస్తా. కానీ ఆయన టెస్టు, నా ట్యూబుల టెస్టు కాకుండా ముందుకు పోవద్దని డాక్టరమ్మ చెప్పింది. అవి అయినంక నువ్వే తోడు రా.' ఇందులో అబద్ధం లేదు, మీ పట్నం డాక్టరమ్మ ట్యూబుల టెస్టు చేయించమని అప్పుడే చెప్పింది. మీ ఆయన పరీక్ష మాట ఆమె చెప్పకపోతే ఈసారి వెళ్ళినప్పుడు అడగండి, చెప్తుంది.

అయితే ఈ మాటలు మీరొక్కరే అంటే తేలిపోతాయి. మీ ఆయన పక్కన నిలబడాలి. ఆయన మౌనం ఒప్పుకోలు అని మీరనుకుంటున్నారు, నాకు అది సిగ్గులా కనిపిస్తోంది. 'కౌంటు తక్కువ' అన్న ఆ ఒక్క మాట రెండేళ్ళుగా ఆయన లోపల ఏం చేస్తోందో మీరు అడిగారా? అత్తమ్మ లేనప్పుడు, షాపు కట్టేశాక, తప్పు ఎవరిదనే మాట రాకుండా అడగండి. 'నీ కోసం ఒక టెస్టు చేయించుకో' అనొద్దు. 'ఇద్దరం ఒకే రోజు రక్తం, అన్నీ ఇచ్చేద్దాం' అనండి. ల్యాబుకు రావడానికి మరీ ఇబ్బందైతే శాంపిల్ ఇంట్లోనే తీసి, ల్యాబు వాళ్ళిచ్చిన డబ్బాలో, చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి పెట్టుకుని గంటలోపు అందిస్తే చాలు. అంతకుముందు రెండు రోజులకు తగ్గకుండా, వారానికి మించకుండా దూరంగా ఉండాలి. సీజన్ అయినా సరే, షాపు ఒక పూట ఆలస్యంగా తెరిస్తే సరిపోయే పని.

రిపోర్టులు వచ్చాక, ఇద్దరివీ, మళ్ళీ రాయండి. ఆ సెంటర్ వాళ్ళు మీ ఫైలు కాపీ ఇచ్చారో లేదో కూడా రాయండి.